గొలుసోళ్లు

రేగులతండా
10 జూన్ 2024

బిడ్డా శ్రావణీ,

నువ్వు విమానం ఎక్కి నేటికి ఇరవై రెండు రోజులు. క్షేమంగా దిగానని మీ సువర్ణత్త ఫోనుకు చెప్పావట. ఆమె ఫోను నా చెవికి ఆనించి పెట్టింది. గాలి వీచినట్టు వినిపించింది తప్ప నీ మాట ఒక్కటీ తెలియలేదు. ఈ చెవులు పోయినాక ఫోను నాకు ఒట్టి రేకుముక్క. అందుకే రాస్తున్నాను. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు నీ పలక మీద నాకు దిద్దించిన అక్షరాలే ఇవి. వంకరగా ఉంటే నవ్వకు. మన లంబాడీ మాటలో రాద్దామనిపిస్తుంది గాని నువ్వు నేర్పింది తెలుగు, మన మాట ఇందులో ఇరుక్కుపోతుంది.

ఈ కాగితాన్ని సువర్ణ ఫొటో తీసి పంపుతుంది. నువ్వూ కాగితం మీదే రాసి ఫొటో పంపు. ఆమె పాల్వంచ పోయినప్పుడు జిరాక్సు షాపులో పెద్దగా తీయించి తెస్తానంది. ఫోను అద్దం మీద నాకు చూపు ఆనదు.

నీళ్లు కాచి తాగు. పాములు ఉంటాయా? పండుకునే ముందు దుప్పటి దులుపు. సత్తుపల్లి నర్సరీలో పామాయిల్ మొక్కలు చూసుకునే ఉద్యోగం బాగానే ఉంది కదా, అదే పామాయిల్ కోసం ఆఫ్రికా దాకా ఎందుకు పోయావో నాకు ఇంకా అర్థం కాలేదు. జీతం ఎక్కువని సువర్ణ అంటుంది. జ్వరం వస్తే దవాఖానా ఎంత దూరం? అది రాయి.

నిన్న బిచ్యా మరిది అరుగు మీద కూర్చుని, నాకు వినపడాలని గట్టిగా అరుస్తూ అడిగాడు. "ఏంది వదినా, మనోళ్లను ఆడ మనుషుల్లెక్క జూస్తరా, లేకుంటే మనం పట్నం పోతే జూసినట్టు జూస్తరా?" అని. నాకు కోపం వచ్చింది. "గట్లెట్ల అంటవ్? మన దేశం ఇప్పుడు చంద్రుని మీదికి పోయింది. నా మనవరాలికి ఆడ కుర్చీ ఏస్తరు" అన్నాను. అన్నాను గాని నాకేం తెలుసు? వాళ్లు మనల్ని ఏమనుకుంటారు? నిన్ను ఏమని పిలుస్తారు? ఇది మరిచిపోకుండా రాయి, బిచ్యాకు చూపించాలి.

తల వెంట్రుకలు విరబోసుకుని తిరగకు.

నీ జవాబు కోసం చూసే
నానీ చాంది

*

టొమాబూ క్యాంపు
16 జూలై 2024

నానీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ అక్షరాలు నా ఇంగ్లీషు రాత కంటే నయం.

పాములు ఉన్నాయి, నాకు కనిపించలేదు. దవాఖానా గంటన్నర. కంపెనీ జీపు ఉంది. భయపడకు.

బిచ్యా తాతకు చెప్పు, నాకు కుర్చీ వేస్తారు. నిజంగానే. ఏ ఇంటికి పోయినా ముందు కుర్చీ తెస్తారు, తర్వాత వేరుశనగలు తెస్తారు. మన దేశం అంటే ఇక్కడ చాలా గౌరవం నానీ. పెద్దవాళ్లకు మన హిందీ సినిమా పాటలు వస్తాయి, మాటలు తెలియకుండానే పాడతారు. ఇక్కడి ముసలి బడిపంతులుకు చిన్నప్పుడు లెక్కలు చెప్పింది మనవాడేనట. ఆయన నన్ను చూసినప్పుడల్లా ఎక్కాలు ఒప్పజెప్తాడు! చంద్రుడి సంగతి పిల్లలకు కూడా తెలుసు. "మీ దేశంలో గుడిసెలు ఉన్నాయా?" అని ఒకరోజు అడిగారు. నా ఫోనులో హైదరాబాదు ఫ్లయ్‌ఓవర్లు, మెట్రో చూపించాను. "లేవు" అన్నాను. అనేశాను అంతే.

నన్ను వాళ్ల భాషలో ఏదో పేరుతో పిలుస్తారు. మా కంపెనీ వాళ్లందరికీ అదే పేరు. అర్థం అడిగితే ఆడవాళ్లు నోటికి బట్ట అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ముద్దుపేరు అయి ఉంటుంది.

నన్ను ఎందుకు తెచ్చారో ఇప్పుడు తెలిసింది. మొక్కలకు కాదు. ఇక్కడ ఆడవాళ్లతో మాట్లాడడానికి ఆడమనిషి కావాలట. టొమాబూ నది పక్కన ఉంటుంది, అరవై ఇళ్లు. రోడ్డు పక్కన వాళ్లకు రేకుల ఇళ్లు కడుతున్నాం. అందరూ అక్కడికి మారాలి. ఎంత చెప్పినా కదలరు. ఈ ఏడాది లోపల ఊరు కదలకపోతే అంతా మునిగిపోతుందని మా మేనేజరు సారు రోజూ తల బాదుకుంటున్నాడు.

నానీ, మన తండా కూడా పాత చోటు నుంచి ఇప్పుడున్న చోటికి వచ్చిందే కదా. అప్పుడు మనవాళ్లు ఎట్లా కదిలారు? మంగీలాల్ తాత తండాకు పెద్ద, నాయక్‌గా ఉన్నప్పుడేనట కదా. ఆయన ఉన్నప్పుడు నేను అడగలేదు. నువ్వెప్పుడూ చెప్పలేదు. వివరంగా రాయి, నాకు పనికొస్తుంది.

వెంట్రుకలు జడ వేసుకునే తిరుగుతున్న
నీ శ్రావణి

*

రేగులతండా
4 ఆగస్టు 2024

బిడ్డా,

ఊరు మునుగుతుందని చదివినప్పటి నుంచి నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. నది పక్కన అరవై ఇళ్లు! పిల్లలు, ముసలివాళ్లు, మేకలు! రెండేళ్ల కింద గోదావరి వచ్చినప్పుడు పర్ణశాల దగ్గర మన చుట్టాలను పడవలో తెచ్చారు గుర్తుందా? వాళ్లూ ముందు కదలమనే అన్నారు. "ఎప్పుడూ వచ్చే నీళ్లే గదా" అన్నారు. తెల్లారేసరికి ఇంటి చూరు పట్టుకుని ఉన్నారు. నువ్వు ఇంత పుణ్యం పని మీద పోయావని తెలియక నేను ఉత్త జీతం కోసం పోయావని అనుకున్నాను. నువ్వు మటుకు నది దగ్గర పండుకోకు.

నువ్వు అడిగింది చెప్తాను. జల్దీ వాళ్లను కదిలించు.

మన పాత తండా ఇక్కడికి ఐదు కోసుల దూరం, అడవిలో. అక్కడ చెరువు కడతామని సర్కారు సారు ఒకాయన వచ్చాడు. మీ అమ్మ అప్పుడు చంకలో ఉంది. ఆరు నెలలు తిరిగాడు, ఒక్కరూ కదలలేదు. మీ తాత అయితే "నా శవాన్ని తీసుకపోరి" అన్నాడు. ఆ సారు కోపం చేసుకోలేదు. మగవాళ్లతో మాట్లాడడం మానేసి నాయక్ పెళ్లాం దగ్గరికి వచ్చాడు, అంటే నా దగ్గరికి. ఆఫీసుకు పిలిచి కుర్చీ వేశాడు. అప్పటిదాకా నేను ఏ ఆఫీసులోనూ కూర్చోలేదు. "చాందమ్మగారూ" అన్నాడు. ఇళ్ల మాటే ఎత్తలేదు. మీ పండుగ ఏది, దేవత ఎక్కడ ఉంటుంది అని అడిగాడు.

మన సీత్లా పండుగ నీకు తెలుసు. వేపచెట్టు కింద ఏడు రాళ్లు, ఏడుగురు దేవతలు. గొడ్డూగోదా వాటి ముందు నుంచి దాటితేనే ఆ ఏడు రోగం రాదు. ఆ ఏడాది పండుగకు నాలుగు రోజుల ముందు ఆ ఏడు రాళ్లు కొత్త చోటికి పోయాయి. సారు అక్కడ గద్దె కట్టించి, పెద్ద మేకపోతు తెప్పించాడు. ఇక ఏం చేస్తారు? పండుగ చేయకుండా ఉండలేరు. అందరూ గొడ్లను తోలుకుని ఇక్కడికి వచ్చారు. వచ్చినవాళ్లలో సగం మంది ఇక్కడే గుడిసెలు వేశారు. దేవత లేని చోట ఎవరుంటారు? నెల రోజుల్లో అందరూ కాగితాల మీద వేలిముద్ర వేశారు.

అందుకే చెప్తున్నాను. వాళ్లకూ ఏదో దేవత ఉంటుంది. దాన్ని ముందు కదిలించు, మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. అక్కడి పెద్ద ముసలిదాన్ని పట్టుకో. కుర్చీ వేసి మాట్లాడు. నీళ్లు రాకముందే చెయ్యి.

మీ పని అయ్యేదాకా శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నాను.

నానీ

*

టొమాబూ క్యాంపు
27 అక్టోబర్ 2024

నా బంగారు నానీ,

జవాబు ఆలస్యమైంది. ఎందుకో చదివితే నువ్వే ఎగిరి గంతేస్తావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అయింది! ఇక్కడ ఊరి చివర చిన్న తోపు ఉంది, ఆడవాళ్లు తప్ప ఎవరూ పోరు. అందులో మూడు పాత మట్టికుండలు ఉంటాయి. కోతకు ముందు వాటికి పూజ చేస్తారు. వాటిని చూసుకునేది మామా ఫాంటా అని ఒక పెద్దామె. ఫాంటా అంటే కూల్‌డ్రింకు కాదు, ఇక్కడ ఆడవాళ్ల పేరు. క్యాంపుకు పిలిచి కుర్చీ వేశాను. నా భాష చాలనిచోట బడిపంతులు సాయం చేశాడు. "మీ కుండలకు సిమెంటు గది కట్టిస్తాం, ముందు వాటిని మంచి చోట పెట్టుకోండి" అన్నాను. ఆమె ఒక్క మాట అడిగింది. "చంద్రుడి దాకా పోయినవాళ్లకు మా కుండలతో పనేంటి?" అని. నాకు నవ్వొచ్చింది. పోయిన వారం తనే ఆ కుండలు ఎత్తుకుని వచ్చింది. మొన్న పండుగ కొత్త చోటే అయింది. పన్నెండు ఇళ్ల వాళ్లు అక్కడే ఉండిపోయారు. మిగతావాళ్లు కోతలు అయ్యాక, జనవరి ఇరవైన సంతకాలు.

మా సారు నీ ఉత్తరం మొత్తం నాతో ఇంగ్లీషులో చెప్పించుకున్నాడు. మీటింగులో బోర్డు మీద "గ్రాండ్‌మదర్ మెథడ్" అని రాశాడు. అంటే "నానీ చెప్పిన పద్ధతి". అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకో మూడు ఊళ్లలో ఇదే చేస్తారట. నాకు ప్రమోషన్.

అన్నట్టు, నువ్వు ఒక్కపొద్దులు మానెయ్. ఇక్కడ వరదా లేదు, ఏమీ లేదు. నది లోతుగా ఉంది. "మునిగిపోతుంది" అంటే మా ప్రాజెక్టు మునిగిపోతుందని. ఊరున్న నేల మంచి నల్ల నేల, మధ్యలో ఊరు ఉంటే మా పామాయిల్ తోట రెండు ముక్కలవుతుంది.

నా ముద్దుపేరుకు అర్థం కూడా తెలిసింది. "తాడు పట్టుకొచ్చేవాళ్లు" అని. మేము టేపులు పట్టుకుని కొలుస్తాం కదా!

నీ పేరు బోర్డు మీదికి ఎక్కించిన
శ్రావణి

*

రేగులతండా
14 నవంబర్ 2024

శ్రావణీ,

నీ కాగితం సువర్ణ తెచ్చి తొమ్మిది రోజులైంది. పెన్ను పట్టుకుంటే చెయ్యి రాలేదు. నాకు జ్వరం అనుకుని సువర్ణ గోళీలు మింగిస్తోంది. జ్వరం కాదు. తల ఎత్తలేకపోతున్నాను.

తాడు పట్టుకొచ్చేవాళ్లు. మన పాత తండాకు సారుతో వచ్చినవాళ్లను మేం ఏమనేవాళ్లమో తెలుసా? గొలుసోళ్లు. ఇనప గొలుసు నేల మీద పరిచి కొలిచేవాళ్లు. గొలుసోళ్లు వస్తున్నారంటే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్లం. ఎదురైతే తల మీది ఓఢ్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ముద్దొచ్చి కాదు. భయం కనపడకుండా నవ్వేవాళ్లం. అక్కడి ఆడవాళ్లు నవ్వుతారని నువ్వు రాస్తే నేను బిచ్యాకు చూపించి మురిసిపోయాను. "జూడు, నా పిల్లను జూసి ఎంత సంబరపడుతున్నరో" అన్నాను. నా ముఖం మీద ఉమ్మేసుకోవాలి.

నేను నీకు ఒక అబద్ధం రాశాను. రాళ్లు కొత్త చోటికి పోయాయి అని రాశాను. రాళ్లకు కాళ్లుంటాయా? నేను మోశాను. మీ తాత కొత్తగూడెం పోయిన రోజు, ఏడు రాళ్లనూ నా ఓఢ్నీలో మూటగట్టి సారు జీపులో పెట్టుకుని తీసుకుపోయాను. దేవతే తనంతట తను కదిలిందని అందరూ అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. మీ తాతకు కూడా చెప్పలేదు, ఆయన చచ్చేదాకా. ఎందుకు మోశానని అడుగు. డబ్బు ఇవ్వలేదు. "చాందమ్మగారూ" అన్నాడు. కుర్చీ వేశాడు. అంతే బిడ్డా, అంతకే.

చెరువు కట్టనే లేదు. గట్టు సగం పోసి పోయారు. పదేళ్లు ముళ్లకంప మొలిచింది. తర్వాత ఎవరెవరి పేర్లనో పట్టాలు అయ్యాయి. ఇప్పుడు అది పామాయిల్ తోట. గెలలు కోసినాక కింద రాలిన పండ్లు ఏరడానికి నేనే కూలికి పోయాను, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు టిఫిను డబ్బా పట్టుకుని నా వెంటే వచ్చేదానివి. నువ్వు కూర్చుని అన్నం తిన్న చోటు మీ అమ్మ పుట్టిన గుడిసె ఉన్న చోటు. అప్పుడు కూడా చెప్పలేదు.

నీళ్లు వస్తున్నాయనుకుని రాశాను. సారు నాకు చేసిన పని, నేను మనవాళ్లకు చేసిన పని, అదే నీ చేతికిచ్చాను. నా పేరు బోర్డు మీద నుంచి తుడిపించు. ఆ కుండలు ఎక్కడివక్కడ పెట్టించు. నీ కాళ్లు మొక్కుతాను, ఆ సంతకాలు ఆపు.

చాంది

*

టొమాబూ క్యాంపు
22 డిసెంబర్ 2024

నానీ,

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. అందుకే నెల రోజులు రాయలేదు.

నువ్వు అనుకున్నంత ఘోరం ఏమీ జరగడం లేదు. రేకుల ఇళ్లు, బోరింగు, బడి అన్నీ ఇస్తున్నాం. మనకు ఏమిచ్చారు? ఒక మేకపోతు. రెండూ ఒకటేనా? మేం కాకపోతే ఇంకో దేశం వాళ్లు వస్తారు, వాళ్లు కుర్చీ కూడా వెయ్యరు. మన దేశం ఇప్పుడు పెద్ద దేశం. పెద్ద దేశం వాళ్లు ఇట్లాగే పని చేస్తారు, తెల్లవాళ్లు చెయ్యలేదా? నీ ఇంటి మీద స్లాబు వేసింది ఈ ఉద్యోగమే కదా.

నేను తండా పిల్లనని టొమాబూ వాళ్లెవరికీ తెలియదు. తెలియనివ్వను. మనవాళ్లను చూపించమని ఫోను అడిగితే నా కాలేజీ ఫొటోలు చూపించాను, నీది చూపించలేదు. నువ్వు బాధపడితే పడు. ఎన్నాళ్లని తలవంచుకుని బతకాలి?

పోయిన వారం మామా ఫాంటా క్యాంపుకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "నీకు నాయనమ్మో అమ్మమ్మో ఉందా? ఆమె మా గురించి ఏమంటుంది?" అని అడిగింది. అడుగుతూ నా కళ్లలోకే చూసింది. "మా నానీ మీకు దండాలు చెప్పింది, కొత్త చోటు మంచిదని చెప్పింది" అన్నాను. ఇంకేం చెప్పను? నమ్మినట్టు లేదు. ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. నీ వల్లనే.

సంతకాలు ఇరవయ్యో తారీఖే. ఆపడం నా చేతిలో లేదు.

శ్రావణి

*

రేగులతండా
5 జనవరి 2025

శ్రావణీ, ఈ ఉత్తరం నీకు కాదు. మామా ఫాంటా గారికి. ఆమె నా గురించి అడిగింది కాబట్టి నేను జవాబు చెప్పాలి. వాళ్ల మాటలో చదివి వినిపించు. బడిపంతులును కూడా పక్కన కూర్చోబెట్టుకో.

మామా ఫాంటా అక్కకు,

మీరు నాకంటే పెద్దవారో చిన్నవారో తెలియదు. నాకు డెబ్భై దాటింది, ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్లు లేరు. నా పేరు చాంది. శ్రావణి నా కూతురి కూతురు. తల్లి పోతే నేను పెంచాను.

నేను మీకు దండాలు చెప్పలేదు. కొత్త చోటు మంచిదని చెప్పలేదు. మీ కుండలు కదిలించమని మాత్రం నేనే చెప్పాను. మీరు నీళ్లలో మునుగుతున్నారనుకుని చెప్పాను. అయినా చెప్పింది నేనే.

మా దేశం పెద్దదని మీరు విన్నారు. అబద్ధం కాదు, చంద్రుడి దాకా పోయింది నిజమే. మీకు ఫోనులో చూపించిన రోడ్లు కూడా నిజమే. వాటి మీద నేను రెండుసార్లు పోయాను, బస్సు కిటికీలోంచి చూస్తూ. గుడిసెలు లేవన్నది నిజం కాదు. నా పిల్ల గుడిసెలోనే పుట్టింది. అందుకు సిగ్గుపడే ఆ మాట అన్నది. ఆ సిగ్గు దానికి నేనే నేర్పి ఉంటాను, పెంచింది నేనే కదా.

మీలాగే నాకూ ఒక కుర్చీ వేశారు. మీలాగే నేనూ మా దేవతలను మోసుకుపోయాను. మోసినదాన్ని కాబట్టి తిరిగి తెచ్చుకోగలిగేదాన్ని. తెస్తే, తీసుకుపోయింది ఎవరని అడుగుతారు. ఆ ఒక్క మాటకు భయపడి నలభై ఏళ్లు నోరు మూసుకున్నాను. మా ఊరు పోయింది.

నిన్న మా ఆడవాళ్లందరినీ పిలిచి చెప్పాను. కింద చూస్తూనే చెప్పాను. నా చెవులు వినవు కాబట్టి జంపక్క నా దగ్గరికి వచ్చి, చెవిలో నోరు పెట్టి అరిచింది. ఆమె నాతోపాటే పాత తండాకు కోడలుగా వచ్చినది. "మాకు అప్పుడే ఎరుక చాందీ. ఆ దినం నీ ఓఢ్నీకి సింధూరం అంటి ఉండె. నువ్వే చెప్తవని జూసినం" అన్నది. ఒక్కరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. అందరికీ తెలుసు. నేను చెప్పి ఉంటే అప్పుడే మళ్లీ మోసుకుపోయేవాళ్లమట, అందరం కలిసి.

మీవాళ్లకు కూడా తెలిసే ఉంటుంది అక్కా. మీరు చెబుతారని చూస్తూ ఉంటారు. ఇరవయ్యో తారీఖు ఇంకా రాలేదు.

ఇది మీకు చదివేది నా మనవరాలు. ఆమె మంచిది, చదువుకున్నది, నాకు అక్షరాలు దిద్దించింది. చదువుతూ చదువుతూ ఎక్కడైనా ఆగితే, గొంతు సవరించుకుంటే, వదిలేసి ముందుకు పోనివ్వకండి. అక్కడ మళ్లీ చదవమనండి. ఎన్నిసార్లయినా సరే, చదివేదాకా అడగండి.

తలవంచి మీకు చెప్పుకున్న
చాంది